విశ్వసింపనివారు తెరచిన గ్రంథము

(పఠనభాగములు: నెహెమ్యా 8వ అధ్యాయము, లూకా 24:13–35, రోమీయులకు 11వ అధ్యాయము)

పెంతెకొస్తు దినమున దేశదేశముల యూదులు యెరూషలేములో ఏల కూడియుండిరని అడిగిన యెడల, మన సండేస్కూలు పిల్లలు సయితము జవాబు చెప్పగలరు. అది వారి వారముల పండుగ. కోత పండుగగా మొదలైన ఆ దినమును, సీనాయి కొండయొద్ద ధర్మశాస్త్రము ఇయ్యబడిన దినముగా కూడ యూదులు ఆచరించుచున్నారు. ఆ రాత్రి నిద్ర మాని తెల్లవారువరకు గ్రంథములు చదువుట కొన్ని శతాబ్దములుగా వారిలో నున్న వాడుక. భక్తిగలవారు ఇట్లు చేయుటలో వింత లేదు. వింత యేమనగా, నేడు ఇశ్రాయేలు దేశములోని టెల్ అవీవ్ పట్టణములో ఆ రాత్రి మేలుకొని చదువువారిలో అనేకులు సమాజమందిరపు గడప త్రొక్కనివారు; విశ్రాంతిదినమున బండి నడుపువారు; దేవుడున్నాడా అని అడిగినచో తల అడ్డముగా ఊపువారు. వారు తమ్మును లౌకిక యూదులమని చెప్పుకొందురు.

ఈ సంగతి మొదట మా దృష్టికి వచ్చినప్పుడు మేము నవ్వుకొంటిమి. నమ్మనివానికి లేఖనముతో ఏమి పని? ఆకలి లేనివాడు వచ్చి పంక్తిలో కూర్చున్నట్లు కాదా? అయితే వారిని గూర్చి మరికొంత తెలిసికొన్నకొలది మా నవ్వు తగ్గినది. చదువరులు కూడ కొంచెము ఓపికతో ఈ సంగతి వినవలెనని కోరుచున్నాము.

మొదట వారు చదువు గ్రంథములెట్టివో చెప్పవలెను. మనము పాత నిబంధన అని పిలుచు లేఖనములతోబాటు యూదులకు మరియొక గొప్ప గ్రంథరాశి కలదు. మోషే ధర్మశాస్త్రమును దినదినము బ్రతుకులో ఎట్లు నెరవేర్చవలెనని పెద్దలు తరతరములుగా నోటిమాటగా నేర్పినదానిని, క్రీ. శ. 200 ప్రాంతమున రబ్బీ యూదా అను పెద్ద కూర్చెను. అది మిష్నా. ఆ మిష్నామీద బబులోను దేశపు పాఠశాలలలో మరి మూడు వందల సంవత్సరములు జరిగిన చర్చ గెమారా. రెండును కలిసి తల్మూదు. దినమున కొక పత్రము, అనగా రెండు పుటలు, చొప్పున విడువక చదివినను అది ముగియుటకు ఏడున్నర సంవత్సరములు పట్టును.

తల్మూదు పుట చూచుటకే విచిత్రముగా నుండును. నడుమ మిష్నా, గెమారా. ఒక ప్రక్క పదునొకండవ శతాబ్దములో ఫ్రాన్సు దేశమందు జీవించిన రషీ వ్యాఖ్యానము. మరియొక ప్రక్క రషీ మనుమలును వారి శిష్యులును ఆ తాతతోనే వాదించి వ్రాసిన మాటలు. మన పల్లెలలో రచ్చబండయొద్ద పెద్దలు ఒకరి మాట నొకరు అందుకొని మాటలాడుదురు గదా, అట్లే. కాని ఇక్కడ మాటలాడువారు ఒకరికొకరు వందల సంవత్సరముల దూరమున నున్నవారు. ఓడిపోయినవాని వాదము సయితము అందులో కొట్టివేయబడదు. హిల్లేలు శిష్యుల మాట నెగ్గినను, షమ్మయి శిష్యులు ఏమనిరో అది కూడ వ్రాసి యుంచిరి. నడుమనడుమ కథలు, సామెతలు, వైద్యము, హాస్యము కూడ వచ్చును.

ఇక్కడ మన క్రైస్తవులను గూర్చి రెండు మాటలు చెప్పక దాటిపోకూడదు. బబులోను తల్మూదునంతటిని మొదట అచ్చువేసినవాడు యూదుడు కాడు. వెనీసు పట్టణములో 1520 మొదలు 1523 వరకు ఆ పని చేసిన డానియేలు బాంబెర్గ్ క్రైస్తవుడు. ఆయన ఏర్పరచిన పుటల లెక్కయే నేటికిని వాడుకలో నున్నది. అది మంచి మాట. రెండవది మంచిది కాదు. 1242లో పారిసులో తల్మూదు ప్రతులను బండ్లకొలది తెచ్చి తగులబెట్టిరి. 1553లో రోములో, యూదుల సంవత్సరాది దినముననే, సంతవీధిలో తగులబెట్టిరి. ఆ రెండును పోపుల కాలపు సంగతులని మనము చేతులు కడుగుకొనలేము. మన లూథరు గారే 1543లో వ్రాసిన పుస్తకములో యూదుల సమాజమందిరములను కాల్చవలెననియు, వారి తల్మూదును లాగుకొనవలెననియు సలహా చెప్పెను. ఆ మాట చదువునప్పుడు మాకు సిగ్గు కలుగుచున్నది. ఇతరులు నిప్పులో వేసిన గ్రంథమును గుండెలకు హత్తుకొని దేశదేశములు తిరిగినవారి మనుమలు దానిని తామే ప్రక్కన పెట్టుటయు, మరల వారి మనుమలు దానిని వెదకి తీయుటయు ఎట్లు జరిగినవో ఇప్పుడు చూతము.

పందొమ్మిదవ శతాబ్దములో యూరపు యూదుల పిల్లలు పెద్ద బడులకు పోయి జర్మను, రష్యను భాషలును నూతన శాస్త్రములును నేర్చిరి. తాతల చదువు వారికి చీకటి గదివలె కనబడెను. హయీమ్ నహ్మాన్ బియాలిక్ అనునాయన అట్టివారిలో నొకడు. 1873లో పుట్టి, భక్తిగల తాత యింట పెరిగి, వొలొజిన్ అను ఊరిలోని ప్రసిద్ధమైన తల్మూదు పాఠశాలలో చేరి, 1891లో అది విడిచి ఒడెస్సా పట్టణమునకు పోయి కవి ఆయెను. విశ్వాసమును విడిచినను ఆ చదువు ఆయనను విడువలేదు. తన తరమువారికి తల్మూదు తెరచుటయే చేతకాకుండ పోవుచున్నదని కనిపెట్టి, రవ్నిత్స్కీ అను స్నేహితునితో కలిసి, దానిలోను ఇతర ప్రాచీన వ్యాఖ్యానములలోను చెదరియున్న కథలను, బోధలను ఏరి, అరామిక్ భాషలో నున్నవాటిని హెబ్రీలోనికి మార్చి, విషయముల వారీగా అమర్చెను. ఆ గ్రంథము 1908 మొదలు 1911 వరకు వెలువడెను. ఇల్లు కాలుచున్నప్పుడు చేతికి అందిన సామాను బయట వేసినవానివలె ఆయన పని చేసెను. ఆ యింట కాపురముండుట తనకు ఇష్టము లేకపోయినను, సామాను కాలిపోవుట ఆయన సహింపలేదు.

జర్మనీ దేశములో ఫ్రాంజ్ రోజెన్‌స్వైగ్ గారి సంగతి మనకు మరింత దగ్గరది. ఆయన 1886లో పేరునకు మాత్రము యూదులైన కుటుంబములో పుట్టెను. బంధువులలో కొందరు బాప్తిస్మము పొందిరి. 1913వ సంవత్సరము జూలై నెలలో ఒక రాత్రి క్రైస్తవుడైన స్నేహితునితో సంభాషించి, తానును క్రైస్తవుడు కావలెనని నిశ్చయించుకొనెను. అయితే అన్యుడుగా కాక, మొదటి అపొస్తలులవలె యూదుడుగా ప్రభువు నొద్దకు రావలెననుకొని, అందుకొరకు మొదట యూదుని జీవితమేదో తెలిసికొనబూనెను. ఆ సంవత్సరము ప్రాయశ్చిత్తార్థ దినమున బెర్లిను పట్టణములో ఒక సమాజమందిరములో గడిపెను. తరువాత కొలది దినములకే, తాను యూదుడుగానే నిలుచుచున్నానని బంధువునకు వ్రాసెను.

ఈ సంగతి మనకు సంతోషము కలిగించునని మేము చెప్పము. తలుపు దగ్గరకు వచ్చి తిరిగిపోయినవానిని చూచి సంఘము దుఃఖించును. అయినను తిరిగిపోయి ఆయన ఏమి చేసెనో చూడుడి. 1920లో ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణములో పెద్దలకొరకు ఒక స్వేచ్ఛా విద్యాలయము తెరచెను. అక్కడ బోధించినవారందరు రబ్బీలు కారు. బైబిలు పాఠము చెప్పిన ఎడ్వర్డ్ స్ట్రౌస్ గారు రసాయన శాస్త్రవేత్త. గ్రంథమునకు దూరముగా పెరిగినవాడు తన బ్రతుకును, తన సందేహములను చేతపట్టుకొని గ్రంథమునొద్దకు రావలెననియు, దూరమునుండి వచ్చుచున్నవానికే దారి చూపుటయు చేతనగుననియు రోజెన్‌స్వైగ్ తలంచెను. 1922లో కండరములను చంపు వ్యాధి ఆయనను పట్టెను. చేయి పోయెను, మాట పోయెను. అట్టి స్థితిలో భార్య సహాయమున ఒక్కొక్క అక్షరమే సూచించుచు, మార్టిన్ బూబెరు గారితో కలిసి హెబ్రీ లేఖనములను జర్మను భాషలోనికి మార్చుచు 1929లో కన్నుమూసెను. బూబెరు ఆ పనిని 1961లో ముగించెను. కాని అప్పటికి దానిని చదువవలసిన జర్మనీ యూదులలో మిగిలినవారెందరు? విద్యాలయమును నాజీలు 1938లోనే మూయించిరి.

ఇశ్రాయేలు దేశమును కట్టినవారు వేరొక దారి పట్టిరి. వారిలో అధికులు దైవభక్తి లేనివారే గాని బైబిలును మాత్రము విడువలేదు. అది ఆ నేల గ్రంథము. పొలములు, రాజులు, యుద్ధములు అందులో నున్నవి. మొదటి ప్రధానమంత్రి బెన్-గురియోన్ గారు తన యింట పండితులను కూర్చి బైబిలు అధ్యయనము జరిపించెడివాడు. తల్మూదు అననో, అది పరదేశములో తలవంచుకొని బ్రతికిన కాలపు గ్రంథమని ప్రక్కకు నెట్టిరి. ఆ విధముగా బడులలో చదివిన పిల్లలకు దావీదు తెలియును, తమ ముత్తాత తెలియడు.

ఆ పిల్లలలో నొకతె రూత్ కాల్డెరోన్. ఆమె పెద్దదై తల్మూదు చదివి పండితురాలై, 1989లో యెరూషలేములో భక్తిగలవారును భక్తిలేనివారును ప్రక్కప్రక్కన కూర్చుండి చదువు అధ్యయనగృహమును మరికొందరితో కలిసి స్థాపించెను. 1996లో టెల్ అవీవ్‌లో మరియొకటి తెరచెను. ఈ రెంటి నడుమ ఒక ఘోరము జరిగెను. 1995 నవంబరు 4న ప్రధానమంత్రి రబీన్ గారిని కాల్చి చంపినవాడు మతనిష్ఠగల యూద యువకుడు. తన క్రియకు ధర్మశాస్త్రములోనే ఆధారము కలదని వాడు వాదించెను. లౌకిక యూదులలో అనేకులకు ఇది గుండెదెబ్బ ఆయెను. ఈ గ్రంథములు మనవి కావని మనమే విడిచిపెట్టితిమి, ఇప్పుడు వీటిని ఎవరు ఎట్లు చదువుచున్నారో చూడుడని వారు ఒకరితో నొకరు చెప్పుకొనిరి. బీనా అను సంస్థ 1996లో ఈ దుఃఖమునుండియే పుట్టెను. అది 2006లో టెల్ అవీవ్ దక్షిణ భాగమున లౌకిక యూదుల తల్మూదు పాఠశాలను తెరచెను. అక్కడి విద్యార్థులు చదువుతోబాటు ఆ చుట్టుపట్ల పేదల నడుమ సేవ చేయుదురు.

2013 ఫిబ్రవరిలో శాసనసభ్యురాలుగా కాల్డెరోన్ మొదటి ప్రసంగము చేయుటకు లేచినప్పుడు ఆమె చేతిలో నున్నది తల్మూదు సంపుటము. సభలోనే ఒక కథ చదివి వివరించెను. రవ్ రహూమీ అను పండితుడు మహోజా అను ఊరిలో గురువునొద్ద చదువుకొనుచు, ఏటికొకసారి, ప్రాయశ్చిత్తార్థ దినమునకు ముందటి సాయంకాలము ఇంటికి వచ్చెడివాడు. ఒక సంవత్సరము చదువులో మునిగి ఆ సంగతి మరచెను. ఇంటియొద్ద భార్య ఇదిగో వచ్చును, ఇదిగో వచ్చునని దారి చూచుచుండెను. ఆయన రాలేదు. ఆమె మనస్సు క్రుంగి కంటినుండి ఒక్క బొట్టు నీరు రాలెను. ఆ క్షణమున ఆయన ఒక మిద్దెమీద కూర్చుండి యుండెను. మిద్దె కూలెను, ఆయన చనిపోయెను. కథ అంతే. ఆ పండితుని పేరులోనే ప్రేమ అను అర్థము కలదు. అయినను ఇంటిలోని మనిషి ఆయనకు గురుతు రాలేదు. దేశములో శాస్త్రము చదువువారును సైన్యములో సేవ చేయువారును ఒకరినొకరు నిందించుచున్న వివాదమునకు ఆమె ఈ కథను అన్వయించెను: ప్రతి పక్షమును ఇంటిలో కాచుకొనియున్నది తామే, మిద్దెమీద నున్నది ఎదుటివారే అనుకొనునట. అప్పుడు అధ్యక్షస్థానమున నున్న సభ్యుడు మతనిష్ఠగల వేరొక పక్షమువాడు; ఆయన సయితము మధ్యలో అందుకొని తనకు తెలిసిన వివరమొకటి చేర్చెను.

మేము ఈ కథను రెండుమూడు మారులు చదివితిమి. పండితుడు చేయుచున్నది చెడ్డ పని కాదు. దేవుని ధర్మశాస్త్రము చదువుచుండెను! సువార్త పనిమీద ఊరూర తిరిగి, పండుగనాటికి కూడ ఇల్లు చేరని బోధకుల భార్యలు మన సంఘములలో ఎందరు ఆ కన్నీటి బొట్టు కార్చియుందురో దేవునికే తెలియును. ఈ మాట ఈ పత్రికలో వ్రాయుటకు మాకు కొంచెము జంకు కలిగినది; అయినను వ్రాసితిమి.

ఈ చదువరులు మిక్కిలి ప్రేమించు కథ మరియొకటి కలదు. రెండవ శతాబ్దములో ఎలీషా బెన్ అబూయా అను గొప్ప పండితుడు విశ్వాసమును విడిచెను. తక్కిన పెద్దలు ఆయన పేరు కూడ పలుకక "మరియొకడు" అని పిలిచిరి. ఆయన శిష్యుడు రబ్బీ మేయీరు మాత్రము భక్తుడై యుండియు ఆయనయొద్ద నేర్చుకొనుట మానలేదు. ఒక విశ్రాంతిదినమున ఎలీషా ఆజ్ఞ మీరి గుఱ్ఱమెక్కి పోవుచుండగా, మేయీరు వెనుక నడచుచు పాఠము వినుచుండెను. కొంతదూరము పోయిన పిమ్మట ఎలీషా ఆగి, వెనుకకు మరలుమని శిష్యునికి చెప్పెను. విశ్రాంతిదినమున నడవదగిన దూరము అంతటితో ముగిసినదని, గుఱ్ఱపు అడుగులు లెక్కపెట్టి ఆయన కనిపెట్టెను. (అపొస్తలుల కార్యములు 1:12లో ఒలీవల కొండను గూర్చి చెప్పబడిన దూరము ఇదియే.) నీవును మరలుమని శిష్యుడు బ్రతిమాలెను. తనకు తప్ప అందరికిని మరలుటకు పిలుపు కలదని తాను వింటినని ఎలీషా చెప్పి ముందుకు సాగిపోయెను. తాను ఆచరింపని ఆజ్ఞకు ఎల్ల యెక్కడనో మరువక, మరియొకని కొరకు అడుగులు లెక్కపెట్టిన ఆ మనుష్యుని ఏమనవలెను?

భక్తిగల యూదులలో కొందరు ఈ క్రొత్త చదువును ఒప్పుకొనరు. సీనాయి కొండయొద్ద ప్రజలు మొదట చేసెదమనిరి, తరువాత విందుమనిరి. మీరు విందురు గాని చేయరు, కథలు ఏరుకొని ఆజ్ఞలు పారవేయుచున్నారు అని వారందురు. ఈ ఆక్షేపణలో బలము లేకపోలేదు. దేవుని వాక్యమును కేవలము జాతి ఆస్తిగా, అందమైన సాహిత్యముగా చదువుట చాలునని మేమును ఒప్పుకొనము. ఆ మాట పలికినవానిని వినక, మాటను మాత్రము మెచ్చుకొనుట పూర్ణమైన చదువు కాదు. అయితే ప్రాచీన రబ్బీలలోనే దీనికొక జవాబు కలదు. ప్రజలు తన్ను విడిచినను తన ధర్మశాస్త్రమును విడువకుండిన ఎంత బాగుండును, దానిలోని వెలుగే వారిని మరల మంచికి త్రిప్పునే అని దేవుడు తలంచినట్లు వారు చెప్పిరి. ఎంత ధైర్యముగల మాట! మనలో ఎవరైన ఇట్లు ప్రసంగించిన యెడల సంఘపెద్దలు ఊరకుందురో లేదో.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమును ఈ తలంపుతో మరల చదువవలెను. అడవి ఒలీవ కొమ్మలైన మనము అంటుకట్టబడితిమి. విరువబడిన కొమ్మలమీద అతిశయపడవద్దని మనకే హెచ్చరిక కలదు. వేరు మనలను భరించుచున్నదే గాని మనము వేరును భరించుటలేదు. ఇశ్రాయేలునకు దేవుడిచ్చిన వరములను, పిలుపును ఆయన వెనుకకు తీసికొనడని కూడ అక్కడనే యున్నది. నమ్మని యూదుడు తన తాతల గ్రంథము తెరచుట దేవుని లెక్కలో ఏమియు కాదని చెప్పుటకు మనమెవరము?

మరి మన గ్రంథము సంగతి ఏమి? వారు చదువు విధానము సులభమైనది. ఇద్దరు ఒక గ్రంథము ముందర కూర్చుందురు. ఒకరు బిగ్గరగా చదివి అర్థము చెప్పుదురు. రెండవవారు అడ్డుప్రశ్న వేయుదురు. ఎదుటివాడు ఒప్పుకొన్నంతమాత్రమున సంతోషము లేదు, ప్రశ్నించినప్పుడే సంతోషము. నెహెమ్యా 8లో నీటి గుమ్మము ఎదుట ఉదయము మొదలు మధ్యాహ్నమువరకు జరిగినది కూడ కేవలము చదువు కాదు. లేవీయులు అర్థము చెప్పిరి, గ్రహింపగల స్త్రీపురుషులందరు వినిరి. మన యిండ్లలో బైబిలు లేని యిల్లు లేదు. పెండ్లిలో ఇచ్చిన బైబిలు అట్టతో సహా క్రొత్తగానే యుండును. ఆదివారము పాదిరిగారు చదువుదురు, మనము విందుము. అడ్డుప్రశ్న వేయువానిని విశ్వాసము చాలనివాడందుము. ఎమ్మాయు మార్గమున ఇద్దరు మనుష్యులు జరిగిన సంగతులను గూర్చి తర్కించుకొనుచు నడచుచుండిరి. పునరుత్థాన వార్త చెవిని పడినను వారు నమ్మలేకపోయిరి. ప్రభువు వారితో కలిసి నడచుట మొదలుపెట్టినది ఆ తర్కము నడుమనే.

వారముల పండుగనాడు యూదులు రూతు గ్రంథమును చదువుదురు. అది నాలుగే అధ్యాయములు. ఈ నెల కుటుంబ కూటములలోను స్త్రీల సమాజములోను దానిని ఇద్దరిద్దరుగా, వారానికొక అధ్యాయము చొప్పున చదువవలెనని కోరుచున్నాము. చదువు రానివారిని చదువు వచ్చినవారితో జతచేయుడి. ప్రశ్నలు వేయుటకు చదువు అక్కరలేదు. మొదటి అధ్యాయములో నయోమి తన కోడండ్రను వెనుకకు పొమ్మన్నది వారిమీద ప్రేమచేతనా, లేక మోయాబీయులను వెంటబెట్టుకొని ఊరిలో అడుగుపెట్టుటకు జంకియా? ఓర్పా చేసినది తప్పా? మూడవ అధ్యాయములో పడుచుదానిని రాత్రివేళ కళ్లమునకు పంపుట మీ యత్తగారు చేసిన మీరేమందురు? జతలోని ఇద్దరును ఒకే జవాబునకు వచ్చిన యెడల, మరియొకసారి చదువుడి.